ఆకలేస్తే తానే గూట్లోకెళ్లి చార్జింగ్ పెట్టుకునే రోబో చేసుకోండిలా

విజయనగరంలో మా ఇంటి హాల్లో నేను చేసిన చిన్న రోబో తిరుగుతుంటాది, బ్యాటరీ తగ్గితే ఎవరూ చెప్పకుండానే మూలనున్న గూట్లోకెళ్లి చార్జింగ్ పెట్టేసుకుంటాది. ఐడియా కొత్తదేటీ కాదు. 1940ల చివర్లోనే ఇంగ్లండ్‌లో బ్రిస్టల్‌లో మెదడు మీద పరిశోధన చేసే గ్రే వాల్టర్ గారు ఎల్మర్, ఎల్సీ అని రెండు తాబేలు రోబోలు చేసారు, ఒక్కోదానికి రెండు వాల్వులు (పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాలు), వెలుతురు పసిగట్టే ఒక ఫొటోసెల్, ఏదైనా తగిలితే తెలిసే డొప్ప, అంతే. కడుపు నిండుగా ఉంటే ఎక్కువ వెలుతురు చూసి పక్కకి తిరిగిపోయేవి, బ్యాటరీ నీరసపడేకొద్దీ గూట్లో వెలిగే లైటు వైపు తిన్నగా పోయి అందులో దూరేవి. కంప్యూటరే లేదండీ! తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తాది.

మనం ఆర్డునో ఊనోతో చేద్దాం, అంటే ప్రోగ్రామ్ రాసి పెట్టుకునే చిన్న సర్క్యూట్ బోర్డు. ముందుభాగంలో కుడి ఎడమలకి చెరో ఎల్డీఆర్ (వెలుతురు పసిగట్టే సెన్సర్), గూట్లో బల్బు వెలుగుతుంటాది, ఆకలేసినప్పుడు ఎటు వెలుతురు ఎక్కువైతే అటు తిరగాలి. వాటికి నల్లకాగితం గొట్టాలు తొడగండి, లేకపోతే పగలు వీధిగుమ్మం వెలుతురునే గూడనుకుంటాది, మాది అలాగే అరుగు మీంచి పడి చక్రం విరగ్గొట్టుకుంది.

బ్యాటరీగా రెండు 18650 సెల్స్ (చార్జింగ్ పెట్టుకునే లిథియం సెల్స్) సిరీస్‌లో పెడితే ఫుల్ చార్జికి 8.4 వోల్టులు, ఆ వోల్టేజ్ చూసే ఊనో పిన్ను 5 వోల్టులు దాటితే తట్టుకోదు కాబట్టి రెండు 10కె (పదివేల ఓమ్‌ల) రెసిస్టర్లతో సగం చేసి ఇవ్వండి. అసలు చిక్కంతా ఇక్కడే. మోటార్ కదలగానే వోల్టేజ్ ఒక్కసారి పడిపోద్ది, అది చూసి ఆకలనుకుని గూటికి పరిగెడతాది, అందుకని ఓ 20 రీడింగుల సగటు తీసుకోండి. అటు చార్జింగ్ తగలగానే వోల్టేజ్ పైకి లేస్తాది, నిండిపోయిందనుకుని రెండు నిమిషాలకే బయటికొచ్చేస్తాది, కాబట్టి చార్జర్ మాడ్యూల్ ఫుల్ అని చెప్పేదాకా కదలనివ్వొద్దు. కరెంటు పోతే గూట్లో బల్బు కూడా ఆరిపోద్ది కదా, అందుకే ఇంకా కాస్త చార్జి ఉండగానే, 7.2 వోల్టుల దగ్గరే బయల్దేరమనండి, వెలుతురు కనపడకపోతే మోటార్లు ఆపి ఉన్నచోటే ఆగమనండి.

గూట్లో రెండు రాగి పట్టీలు, వాటికి 12 వోల్టుల అడాప్టర్, పైన బల్బు. రోబోలో ముందు ఒక డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది), తర్వాత 12 వోల్టులు తీసుకునే టూ ఎస్ (సిరీస్‌లో రెండు సెల్స్‌కి సరిపడే) చార్జర్ మాడ్యూల్, సెల్స్‌ని కాపాడే బీఎంఎస్ సర్క్యూట్. అడాప్టర్‌ని డైరెక్టుగా సెల్స్‌కి ఇచ్చేరో, నిప్పంటుకుంటాది.

లైటు వద్దనుకుంటే ఇంకో దారుంది, 1960ల మొదట్లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్లు చేసిన జాన్స్ హాప్కిన్స్ బీస్ట్ అనే రోబో వరండా గోడల వెంట తడుముకుంటూ ప్లగ్ పాయింటు వెతుక్కుని తానే గుచ్చుకునేది. మీరు మాత్రం 230 వోల్టుల జోలికెళ్లకండి, ఆ 12 వోల్టుల పట్టీల్నే గోడకి అతికించండి.