ప్రపోర్షనింగ్ వాల్వ్: రోడ్డు కారుకు ఏది, రేసు కారుకు ఏది

గట్టిగా బ్రేకు వేసినప్పుడు కారు బరువు ముందుకు ఒరిగి, వెనక చక్రాల పట్టు సడలుతుంది. ఆ క్షణంలో వెనక చక్రాలు ముందుగా బిగుసుకుపోతే కారు గిర్రున తిరిగిపోతుంది; ముందు చక్రాలే ముందుగా బిగుసుకుంటే స్టీరింగు పనిచేయకపోయినా కారు తిన్నగా సాగుతుంది. అందుకే వెనక బ్రేకులకు వెళ్ళే ఒత్తిడిని ఈ వాల్వ్ అదుపు చేస్తుంది.

అయితే అది మొదటినుంచీ ఒత్తిడిని తగ్గించదు. ఒక హద్దు వరకు పూర్తిగా వదిలి, ఆపైన పెరిగే దానిలో కొంత వంతునే పంపిస్తుంది. హద్దు 500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి కొలత), వంతు 40 శాతం అనుకుంటే, ముందు బ్రేకులకు 900 పీఎస్ఐ అందేటప్పుడు వెనకకు 660 మాత్రమే అందుతుంది. చేత్తో తిప్పి సవరించుకునే వాల్వుల్లో సాధారణంగా మారేది హద్దే, వంతు కాదు.

రోడ్డు కారును ఎవరైనా నడపవచ్చు, ఎంత బరువైనా ఎక్కించవచ్చు. కనుక కంపెనీ అమర్చిన వాల్వును కదిలించకపోవడమే మేలు. ఏబీఎస్‌తో (చక్రాలు బిగుసుకోకుండా చూసే వ్యవస్థ) పాటు ఈబీడీ (ముందు వెనక బ్రేకు ఒత్తిడిని ఎలక్ట్రానిక్‌గా పంచే వ్యవస్థ) ఉన్న కారులో వెనక ఒత్తిడిని కంప్యూటరే చూసుకుంటుంది, అక్కడ వేరే వాల్వ్ పెట్టకూడదు. బ్రేకు పైపులు ఐమూలగా, అంటే ఒక ముందు చక్రానికి ఎదుటి పక్క వెనక చక్రం జతగా, విడిపోయిన కార్లలో వెనక చక్రాలు రెండూ వేర్వేరు సర్క్యూట్లలో ఉంటాయి కాబట్టి, ఒక్క వాల్వుతో రెండింటినీ కలిపితే ఒకచోట లీకైనా మొత్తం బ్రేకులు పోయే ప్రమాదం ఉంది. వెనక డ్రమ్ములు తీసి డిస్కులు వేసినప్పుడు మాత్రం సవరించుకునే వాల్వ్ అవసరం రావచ్చు. అప్పుడు పాత వాల్వును లైనులోంచి తప్పించాలి. ఒకే లైనులో రెండు వాల్వులు వరసగా ఉండరాదు.

రేసు కారులో టైరు, ఇంధనం, ట్రాక్ మారుతూనే ఉంటాయి గనుక డ్రైవరు చేతికందే నాబ్ లేదా లీవర్ వాల్వ్ ఉపయోగం. రెండు మాస్టర్ సిలిండర్లకు (పెడల్ తొక్కితే బ్రేకు ద్రవంలో ఒత్తిడి పుట్టించే భాగాలు) చోటుంటే మాత్రం నేను బ్యాలెన్స్ బార్‌నే, అంటే పెడల్ బలాన్ని ముందు, వెనక సిలిండర్లకు పంచే కడ్డీనే, ఎంచుకుంటాను. తడి ట్రాక్ మీద ఒత్తిడి వాల్వ్ హద్దును చేరకపోతే నాబ్‌ తిప్పి వెనక ఒత్తిడి పెంచబోయినా ప్రయోజనం లేదు, బార్ అయితే పెడల్ తొక్కిన క్షణం నుంచే నిష్పత్తిని మారుస్తుంది.

సవరించేటప్పుడు ప్యాడ్లు అరిగి డిస్కుకు కుదురుకున్నాక, వెనక బరువు తక్కువగా ఉంచి, ఖాళీగా ఉన్న పొడి మైదానంలో, వెనక ఒత్తిడి కనిష్ఠంగా పెట్టి మొదలుపెట్టాలి. బయట దూరంగా నిలబడిన మనిషి ఏ చక్రం ముందు ఆగిందో చూసి చెబుతుండగా, నాబ్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ వెళ్ళాలి. వెనక చక్రం ముందుగా బిగుసుకున్న చోటు తెలియగానే, ముందు చక్రాలే కచ్చితంగా మొదట బిగుసుకునే వరకు నాబ్‌ను వెనక్కి తిప్పాలి. రోడ్డు కారైతే అక్కడ నాబ్ మీద పెయింటుతో గీత గీయండి, కాస్త కదిలినా కంటికి కనబడుతుంది.