బస్సు కోసం ఎంతసేపు నిలబడుతున్నాం: స్టాపులోనే కొలిచే పద్ధతి, దానికి పనికొచ్చే పరిశోధన

పది నిమిషాలకో బస్సు ఉన్న రూట్లో సగటున ఐదు నిమిషాలు నిలబడితే చాలు అని కాగితం మీద లెక్క. స్టాపులో నిలబడేవాళ్లు దీన్ని ఒప్పుకోరు. వాళ్ల మాటే నిజం. గంటకు ఆరు బస్సులు వచ్చినా అందులో రెండు జంటగా వస్తే, మిగతా ఎడం, అంటే బస్సుకు బస్సుకు మధ్య సమయం, అంతా జనం నెత్తిన పడుతుంది. ఎంత పడుతుందో కొలవడానికి ఒక ఫోను, ఒక అట్ట, కొన్ని కాగితాలు, మూడు ఉదయాలు సరిపోతాయి. "బస్సులు సరిగా రావడం లేదండీ" అని డిపోకు వెళ్తే వచ్చే జవాబు వేరు, ఎడాల పట్టిక పట్టుకుని వెళ్తే వచ్చే జవాబు వేరు.

ఈ పద్ధతి పన్నెండు నిమిషాల లోపు ఎడంతో నడిచే రూట్లకు సరిపోతుంది. అలాంటి చోట జనం టైము చూసుకోకుండా వచ్చి నిలబడతారు. గంటకో రెండు గంటలకో ఒక బస్సు వచ్చే పల్లెవెలుగు రూట్ల సంగతి వేరు, అది తర్వాత.

ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు

ఒకే రూట్లో, ఒకే దిశలో, రెండు స్టాపులు కావాలి. ఒకటి బయల్దేరే చోటికి దగ్గరగా, రెండోది జనం ఎక్కువగా ఎక్కే నడిమి భాగంలో. సికింద్రాబాద్ నుంచి కొండాపూర్ వెళ్లే 10హెచ్ తీసుకుంటే ప్యారడైజ్ దగ్గర ఒకరు, అమీర్‌పేటలో ఒకరు అనుకోండి. ఒక్క స్టాపులోనే కొలిస్తే రోగం ఉందని తెలుస్తుంది గానీ ఎక్కడ పుట్టిందో తెలియదు. మనిషి ఒక్కరే ఉంటే నడిమి స్టాపుతో మొదలుపెట్టి, మరుసటి వారం అవే రోజుల్లో మొదటి స్టాపు చూడండి.

మంగళ, బుధ, గురువారాలు మంచివి. పెళ్లి ముహూర్తాలు, పరీక్షలు, పండగ ముందు రోజులు వదిలేయండి. ఉదయం 8 నుంచి 10:30 వరకు నిలబడితే పది నిమిషాల రూట్లో పదిహేను ఎడాల దాకా వస్తాయి, మూడు రోజులకు నలభై పైచిలుకు. ముప్పైకి తక్కువైతే ఒక్క ట్రాఫిక్ జామ్ లెక్కనంతా తలకిందులు చేస్తుంది.

కాగితం మీద ఏం రాయాలి

బస్సు స్టాపు నుంచి కదిలిన సమయం గంట, నిమిషం, సెకనుతో. రూట్ నంబరు. రిజిస్ట్రేషన్ నంబరులో చివరి నాలుగు అంకెలు. సర్వీసు రకం: ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, డీలక్స్. రద్దీ కోడ్. ఎక్కలేక మిగిలిపోయినవాళ్లు ఎంతమంది. చివర్లో "సిగ్నల్ చెడింది", "వాన" లాంటి మాటలకు ఒక గడి.

చివరి నాలుగు అంకెలు అనవసరమని చాలామంది వదిలేస్తారు. రెండు స్టాపుల కాగితాలను జత చేయడానికి ఉన్న తాడు అదొక్కటే. దానితోనే ఒక బస్సు ప్యారడైజ్ నుంచి అమీర్‌పేటకు ఎంతసేపు తీసుకుందో, ఏ బస్సు ఏ బస్సును దాటిందో తెలుస్తుంది.

రద్దీకి ఐదు కోడ్‌లు చాలు. 1: సీట్లు ఖాళీ ఉన్నాయి. 2: సీట్లు నిండాయి, నిలబడ్డవాళ్లు లేరు. 3: నిలబడ్డారు, కానీ మధ్యలో నడవొచ్చు. 4: ఫుట్‌బోర్డు దాకా నిండింది. 5: ఆపకుండా వెళ్లిపోయింది. బయట నుంచి చూసి తలలు లెక్కపెట్టాలని చూడకండి, ఆ అంకె నమ్మదగ్గది కాదు. కోడ్‌కూ మనుషులకూ లంకె కావాలంటే కొలత మొదలుపెట్టే ముందు నాలుగైదు బస్సులు ఎక్కి లోపల లెక్కపెట్టండి. బస్సులో రాసి ఉండే సీటింగ్ కెపాసిటీ కూడా రాసుకోండి.

ఎక్కడ తప్పుతారు

మీరు స్టాపుకు చేరినప్పటి నుంచి మొదటి బస్సు దాకా ఉన్న సమయం ఎడం కాదు. ఎడం అంటే బస్సుకు బస్సుకు మధ్య సమయం. అలాగే 10:30 అయిందని మధ్యలో లేచిపోకూడదు. ఆ తర్వాతి బస్సు వచ్చేదాకా ఉండండి. ఎక్కువగా తెగిపోయేది పెద్ద ఎడమే, అది తెగితే లెక్క ఉన్నదానికన్నా బాగున్నట్టు కనిపిస్తుంది. నిన్నటి చివరి బస్సుకూ ఇవాళ్టి మొదటి బస్సుకూ మధ్య తీసివేత చేయకూడదని చెప్పనక్కర్లేదు గానీ, ఎక్సెల్‌లో ఫార్ములా కిందికి లాగినప్పుడు సరిగ్గా అదే జరుగుతుంది.

రెండు బస్సులు ఒకే నిమిషంలో వస్తే సున్నా నిమిషాల ఎడం వస్తుంది. తప్పేమో అని దాన్ని కొట్టేస్తుంటారు. కొట్టేయకండి, మనం వెతుకుతున్నది దాన్నే. సెకన్లు రాయమన్నది కూడా ఇందుకే. ఇద్దరు రెండు చోట్ల ఉంటే ఫోన్లలో సమయం నెట్‌వర్క్ నుంచి ఆటోమేటిక్‌గా వచ్చేలా పెట్టుకోండి.

ఆపకుండా వెళ్లిన బస్సును ఏం చేయాలి? నిలబడ్డ మనిషికి అది రాని బస్సే. అందుకే లెక్క రెండుసార్లు చేయండి, కోడ్ 5 బస్సులను కలుపుకుని ఒకసారి, తీసేసి ఒకసారి. రెండింటి మధ్య తేడా రద్దీ వల్ల జనం పోగొట్టుకున్న సమయం.

ఇంకో సంగతి మన రెండు రాష్ట్రాలకు ముఖ్యం. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకం హైదరాబాద్‌లో సిటీ ఆర్డినరీకి, మెట్రో ఎక్స్‌ప్రెస్‌కు వర్తిస్తుంది, డీలక్స్‌కు వర్తించదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న వచ్చిన స్త్రీ శక్తి కూడా కొన్ని రకాల సర్వీసులకే. కాబట్టి జీరో టికెట్‌తో వెళ్లే అమ్మాయి ఎదురుచూసే ఎడం వేరు, అదే స్టాపులో డీలక్స్ కూడా ఎక్కగల మనిషి ఎదురుచూసే ఎడం వేరు. సర్వీసు రకం గడి ఉంటే రెండూ విడివిడిగా తీయొచ్చు. అన్నీ కలిపేసి ఒక్క సగటు చెప్పడం ఇక్కడ అన్యాయం.

లెక్క

వరుసగా ఎనిమిది ఎడాలు ఇలా వచ్చాయనుకుందాం, నిమిషాల్లో: 4, 21, 2, 15, 3, 18, 6, 11. మొత్తం 80, సగటు 10. షెడ్యూల్ ప్రకారం అంతా బాగున్నట్టే.

ఇప్పుడు ఒక్కో ఎడాన్ని దానితోనే గుణించి కూడండి: 16, 441, 4, 225, 9, 324, 36, 121. మొత్తం 1176. దీన్ని ఎడాల మొత్తానికి రెట్టింపుతో, అంటే 160తో భాగిస్తే 7.35 నిమిషాలు. స్టాపుకు వచ్చిన మనిషి సగటున నిలబడే సమయం ఇది. అవే బస్సులు సమంగా వస్తే 5 నిమిషాలే. ఒక్క బస్సు కూడా పెంచకుండా రెండు నిమిషాలకు పైగా మిగులుతుంది.

ఎందుకిలా అంటే, ఆ ఎనిమిదింటిలో 21, 15, 18 మూడే పెద్ద ఎడాలు. కానీ 80 నిమిషాల్లో 54 నిమిషాలు వాటివే. జనం ఒకే తీరున వస్తుంటే మూడింట రెండొంతుల మంది ఆ మూడింటిలోనే చిక్కుకుంటారు. రెండు నిమిషాల ఎడం సుఖం తెలిసేది నలభై మందిలో ఒకరికి.

ఎక్సెల్‌లో అయితే సమ్‌ఎస్‌క్యూ ఫంక్షన్‌తో వర్గాల మొత్తం ఒక్కసారే వస్తుంది. ఎక్సెల్ సమయాన్ని రోజులో భాగంగా దాచుకుంటుంది కాబట్టి ఎడాన్ని ముందు 1440తో గుణించి నిమిషాలు చేయండి. ఈ మెట్టు మరిచిపోతే జవాబు సున్నాకు దగ్గరగా వస్తుంది.

ఇతర ఊళ్లతో పోల్చాలంటే ఎడాల ప్రామాణిక విచలనాన్ని (ఎడాలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే అంకె, స్టాండర్డ్ డీవియేషన్) సగటుతో భాగించండి. పై ఉదాహరణలో అది 0.69 దాకా వస్తుంది. అమెరికా రవాణా పరిశోధన మండలి ప్రచురించిన ట్రాన్సిట్ కెపాసిటీ మాన్యువల్ 2003 నాటి రెండో కూర్పు ఈ అంకెకు గ్రేడ్లు ఇచ్చింది. 0.21 వరకు ఏ (A), 0.53 నుంచి 0.74 వరకు ఈ (E), 0.75 దాటితే ఎఫ్ (F). మన ఉదాహరణకు వచ్చేది E గ్రేడు, అంటే బస్సులు తరచూ గుంపు కడుతున్నాయని. 2013 నాటి మూడో కూర్పు అక్షరాల గ్రేడ్లను వదిలేసింది. అయినా పోల్చి చూసుకోవడానికి పాతవి పనికొస్తాయి.

రోగం ఎక్కడుంది

మొదటి స్టాపులోనే ఎడాలు ఎగుడుదిగుడుగా ఉంటే తప్పు బయల్దేరే చోట ఉంది. పది నిమిషాల రూట్లో 20, 30 దగ్గర ఎడాలు పడుతుంటే ట్రిప్పులు రద్దవుతున్నాయని అనుమానించాలి. రెండు డిపోలు కలిసి నడిపే రూట్ అయితే రెండు టైమ్‌టేబుళ్లను పక్కపక్కన పెట్టి చూడమని అడగండి. ఎవరి చార్టు వాళ్లకు సరిగ్గానే ఉంటుంది, కలిపితే జంట బస్సులు బయటపడొచ్చు.

మొదట సమంగా ఉండి నడిమిలో చెడితే అది అసలైన గుంపు కట్టడం. ముందు బస్సు కాస్త ఆలస్యమైతే తర్వాతి స్టాపులో దాని కోసం ఎక్కువ మంది పోగవుతారు. వాళ్లు ఎక్కేసరికి ఇంకా ఆలస్యం. వెనక బస్సుకు మిగిలేది కొద్దిమందే, అది త్వరగా కదిలి ముందుదాన్ని అందుకుంటుంది. కాగితం మీద గుర్తు ఇలా ఉంటుంది: పెద్ద ఎడం, కోడ్ 4 బస్సు, ఒకటి రెండు నిమిషాల్లో కోడ్ 1 బస్సు. ఇది డ్రైవర్ల నిర్లక్ష్యం కాదు, వదిలేస్తే తనంతట తానే పెరిగే దోషం. న్యూవెల్, పాట్స్ అనే పరిశోధకులు 1964లోనే దీన్ని లెక్కగట్టి చూపించారు.

ఎడాలు సమంగా ఉండి కూడా కోడ్ 4, 5 వస్తుంటే అప్పుడు నిజంగా బస్సులు చాలవు. మరిన్ని బస్సులు అడగాల్సింది అప్పుడే. డిపో చూపే ఆక్యుపెన్సీ రేషియోతో (బస్సులు సగటున ఎంత శాతం నిండాయో చెప్పే అంకె) తృప్తి పడకండి. 130 శాతంతో ఒక బస్సు, 30 శాతంతో దాని వెనకే ఒకటి వెళ్లినా సగటు 80 అనే వస్తుంది.

మందు, దాని మీద పరిశోధన

పాత మందు ఆపి పంపడం. ముందు బస్సుకు మరీ దగ్గరగా వచ్చినదాన్ని కంట్రోలర్ కాసేపు ఆపుతాడు. ఎక్కడ ఆపాలన్నదే కీలకం. అరవై మంది ఉన్న బస్సును దారిలో మూడు నిమిషాలు ఆపితే 180 మనిషి-నిమిషాలు పోతాయి. ఖాళీగా ఉన్న టెర్మినల్‌లో ఆపితే పోయేది దాదాపు ఏమీ లేదు. అయితే టెర్మినల్‌లో ఆపడానికి షెడ్యూల్‌లో విరామం ఉండాలి. రన్నింగ్ టైమును (ఈ చివర నుంచి ఆ చివరకు పట్టే సమయం) సగటు మీద కట్టి విరామం ఇవ్వకపోతే దాదాపు సగం ట్రిప్పులు మొదలవడమే ఆలస్యంగా మొదలవుతాయి. రెండు స్టాపుల కాగితాలు జత చేసి మీరు తీసిన ప్రయాణ సమయాలు ఇక్కడ సాక్ష్యం.

2009లో డగాంజో అనే పరిశోధకుడు టైమ్‌టేబుల్‌ను కాక ముందు బస్సుతో ఉన్న ఎడాన్ని చూసి ఆపే పద్ధతిని ప్రతిపాదించారు. 2012లో బార్తోల్డీ, ఐసెన్‌స్టైన్ ఇంకో అడుగు వేశారు. కంట్రోల్ పాయింటుకు వచ్చిన బస్సు, తన వెనక బస్సు ఎంత దూరంలో ఉందో చూసుకుని, ఆ ఎడంలో ఒక నిర్ణీత వంతు సేపు ఆగి కదులుతుంది. అట్లాంటాలోని జార్జియా టెక్ బస్సుల మీద దీన్ని నడిపి చూశారు. జీపీఎస్ ఉన్న బస్సులతో ఇది మన దగ్గరా సాధ్యమే.

ఇలాంటివి వెతకడానికి మొదట ట్రిడ్ (TRID) అనే ఉచిత డేటాబేస్ చూడండి. పది లక్షలకు పైగా రవాణా రికార్డులున్నాయి. బస్ బంచింగ్ (గుంపు కట్టడం), హెడ్‌వే రెగ్యులారిటీ (ఎడాలు సమంగా ఉండటం), హోల్డింగ్ (ఆపి పంపడం) అనే మాటలను ఇంగ్లిషులో కొట్టాలి. మన దేశపు సిద్ధాంత గ్రంథాలకు శోధ్‌గంగ ఉంది. పుణెలోని సీఐఆర్‌టీ (కేంద్ర రోడ్డు రవాణా సంస్థ), ఢిల్లీలోని సీఆర్‌ఆర్‌ఐ (కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ), వరంగల్ ఎన్‌ఐటీ రవాణా విభాగం పనులను కూడా చూడాలి. షెడ్యూల్ డేటాకు ప్రపంచమంతా వాడేది జీటీఎఫ్‌ఎస్ ఫార్మాట్. ఢిల్లీ బస్సుల డేటా ఆ నగరపు ఓపెన్ ట్రాన్సిట్ డేటా పోర్టల్‌లో దొరుకుతుంది, లెక్కలు సాధన చేయడానికి మంచిది. బస్సు ఎక్కడుందో చెప్పే గమ్యం లాంటి యాప్‌లు చూపేది అంచనా సమయం. స్టాపులో రాసుకున్న సమయానికి అది బదులు కాదు.

పల్లెవెలుగు రూట్లకు

ఇక్కడ జనం టైము చూసుకునే వస్తారు కాబట్టి ఎడాల లెక్క వద్దు. చార్టు సమయానికీ అసలు సమయానికీ తేడా రాయండి. ఒక నిమిషం ముందు నుంచి ఐదు నిమిషాల ఆలస్యం దాకా సకాలం కింద లెక్కేయొచ్చు. ముందుగా వెళ్లిపోయిన బస్సులను విడిగా చూపండి. పది నిమిషాల ఆలస్యం కన్నా మూడు నిమిషాల ముందు పోవడం ఎక్కువ నష్టం, ఎందుకంటే తప్పిపోయినవాళ్లు తర్వాతి బస్సు దాకా రెండు గంటలు కూర్చోవాలి.

డిపోకు వెళ్లేటప్పుడు

ఒక్క పేజీ చాలు: ఎడాల బార్ చార్టు, రెండు స్టాపుల సగటు నిరీక్షణ, ఒక కోరిక. రద్దయిన ట్రిప్పుల లెక్క కావాలంటే సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(1) కింద దరఖాస్తు పెట్టండి. "ఎందుకు రావడం లేదు" అని అడిగితే జవాబు రాదు, చట్టం ఇచ్చేది ఉన్న రికార్డునే. "ఫలానా తేదీల్లో ఫలానా రూట్లో షెడ్యూల్ చేసిన ట్రిప్పులు, నడిపిన ట్రిప్పులు, రోజువారీగా" అని అడగండి. ఆ తేదీలు మీరు స్టాపులో నిలబడినవే అయి ఉండాలి. గడువు 30 రోజులు. జవాబు రాకపోయినా, నచ్చకపోయినా మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయొచ్చు.

డిపో ఏదైనా మార్చితే సిబ్బందికి అది అలవాటయ్యేందుకు రెండు మూడు వారాలు వదిలి, అవే స్టాపుల్లో, వారంలో అవే రోజుల్లో, అవే గంటల్లో మళ్లీ కొలవండి. సెలవుల ముందు ఒకసారి, సెలవుల్లో ఒకసారి కొలిచి పోల్చితే మార్పు ఫలితం, బడి పిల్లలు లేని ఫలితం కలిసిపోయి ఏది ఏదో చెప్పలేరు.