పత్తి సీజన్‌కి ముందు: ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టొద్దు

పోయిన నెల ఆదోనిలో ఒక చిన్న పత్తి వ్యాపారికి కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. రెండేళ్ల కింద ఒక జిన్నింగ్ మిల్లు (పత్తి నుంచి గింజ వేరుచేసే మిల్లు) దగ్గర 2 లక్షలు అడ్వాన్సు తీసుకున్నాడు. హామీగా సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇచ్చాడు. సరుకు తోలాడు, లెక్క తీరింది. చెక్కు మాత్రం వెనక్కి అడగలేదు. ఇప్పుడు ఆ చెక్కు మీద 9 లక్షలు రాసి ఉంది. నీలం ఇంకుతో సంతకం అతనిదే. నల్ల ఇంకుతో అంకె, తేదీ ఎవరివో.

దసరా దాటితే యార్డులో ఊపిరాడని పని. రేటు, తూకం సంగతి మీకు ఒకరు చెప్పక్కర్లేదు. నేను చెప్పేది సంతకం గురించి.

ఖాళీ సంతకం

"మేం యాడికి పోతామన్నా, నువ్వు సంతకం పెట్టు, మిగతాది తర్వాత రాసుకుందాం." ఈ మాట నమ్మి చితికిపోయిన కుటుంబాలను చూశాను. చెక్కు మీద రాత నాది కాదు కదా, కోర్టులో అదే చెప్తాను అని చాలామందికి ధైర్యం. ఆ ధైర్యం అక్కడ పనికిరాదు. సంతకం చేసిన ఖాళీ చెక్కును మనమే ఇష్టపడి ఇస్తే, దాన్ని బాకీ కోసం ఇచ్చినట్టే కోర్టు మొదట అనుకుంటుందని 2019లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మిగతాది ఎవరు నింపారన్నది అక్కడ ముఖ్యం కాదు. బాకీ లేదని చూపించాల్సిన బరువు మన మీదే పడుతుంది. దానికి ఖాతా పుస్తకం, తక్‌పట్టీలు (సరుకు తూకం, ధర రాసిచ్చే చీటీలు), బ్యాంకు స్టేట్‌మెంట్ కావాలి. పైన చెప్పిన మనిషి దగ్గర లారీ చీటీలు కూడా లేవు.

ప్రోనోటు కూడా అంతే. స్టాంపు అంటించి, సంతకం చేసి ఖాళీగా ఇస్తే, నింపుకునే అధికారం అవతలివాళ్లకు ఇచ్చినట్టేనని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. చెక్కు బౌన్సయిన కేసులో ఓడిపోతే రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

హామీ ఇవ్వక తప్పకపోతే అంకె, తేదీ, పేరు మీ చేత్తోనే రాయండి. ఏ బాకీకి ఇస్తున్నారో, చెక్కు నంబరుతో సహా ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. లెక్క తీరిన రోజే చెక్కు వెనక్కి తీసుకోండి. రేపు అనొద్దు.

మాట, కాగితం

నోటిమాట ఒప్పందం చెల్లదని కొందరంటారు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం ఇలాంటి సరుకు బేరం నోటిమాటగానే చెల్లుతుంది. తంటా అంతా రుజువు దగ్గరే. గొడవ రేటు మీద కంటే తేమ మీద ఎక్కువ వస్తుంది. సీసీఐ (ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ) అయితే తేమ 8 శాతం దాటితే ధర కోస్తుంది, 12 దాటితే కొనదు. ప్రైవేటు మిల్లుతో బేరంలో ఆ అంకె ఎంతో, తేమ ఎక్కడ చూస్తారో, ఎవరి మీటరుతో చూస్తారో ముందే రాసుకోకపోతే లారీ మిల్లు గేటు దగ్గర నిలబడ్డాక బేరం వాళ్ల చేతిలోకి పోతుంది. అప్పటికే లారీ బాడుగ మీ నెత్తిన ఉంటుంది.

బిల్లు అడుగున చిన్న అక్షరాలూ చదవండి. "కోయంబత్తూరు కోర్టు పరిధికి లోబడి" అని ఉంటే, బేరంలో కొంత భాగమైనా అక్కడ జరిగి ఉంటే, మీ లక్షన్నర కోసం అక్కడికే తిరగాల్సి రావచ్చు. ఆదోని కోర్టు అని రాయించండి. కుదరకపోతే ఆ వాక్యం కొట్టించి సంతకం చేయించండి.

ఇక మిగతావి:

ఖాళీ చెక్కు ఇవ్వొద్దు. బావమరిదికైనా సరే.

ఇప్పటికే ఇచ్చి ఉంటే ఈ వారమే ఉత్తరం రాయండి. చెక్కు నంబరు, ఎందుకు ఇచ్చారు, ఇప్పుడు బాకీ ఎంత, అన్నీ అందులో ఉండాలి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

చెక్కుకు డబ్బు ఇవ్వొద్దని బ్యాంకుకు చెప్పి స్టాప్ పేమెంట్ పెడితే కేసు తప్పుతుందనుకోవద్దు.

లాయరు నోటీసు వస్తే తీసుకోండి. తిప్పి పంపినా అందినట్టే లెక్క. చెక్కు బౌన్స్ నోటీసు అందాక డబ్బు కట్టడానికి గడువు 15 రోజులే.

అన్నదమ్ముల భాగస్వామ్య సంస్థ అయితే రిజిస్టర్ చేయించండి. లేకపోతే, 1932 భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్ ప్రకారం, ఆ సంస్థ పేరుతో చేసిన బేరం మీద బయటివాళ్లపై దావా వేయలేరు.

మీకు రావాల్సిన బాకీ మూడేళ్లు దాటనివ్వొద్దు. ఆలోపే బాకీ ఉందని రాతపూర్వకంగా ఒప్పుకుని సంతకం చేయించుకుంటే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు.

వాట్సాప్‌లో రేటు ఒప్పుకున్న మెసేజ్ చెరపొద్దు. ఆ ఫోను అమ్మొద్దు. కోర్టులో పెట్టాలంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి చట్టం అడిగే సర్టిఫికెట్ కూడా జత చేయాలి.

చదవకుండా సంతకం పెట్టొద్దు. ఇంగ్లిష్ కాగితమైతే చదివించుకున్నాకే.

చెక్కు బుక్కులో ముందే సంతకాలు చేసి గుమాస్తాకు ఇచ్చి ఊరికి పోవద్దు.

ఈ రాత్రే చెక్కు బుక్కుల మొండేలు (చెక్కు చింపాక బుక్కులో మిగిలే ముక్కలు) తీయండి. ఏ నంబరు ఎవరి దగ్గర ఉందో రాసుకోండి. లెక్క దొరకని నంబరు ఉంటే రేపు బ్యాంకు తెరవగానే వెళ్లి రాతపూర్వకంగా తెలపండి.