పాత ఇంటి లోపలి ఇటుక గోడలను శుభ్రం చేయడం

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో పాత పెంకుటింటిని బాగుచేయిస్తూ, లోపలి గోడల పూత తీయించి ఇటుకను అలాగే కనబడనివ్వాలనుకునేవారు ముందుగా ఇటుకల సందులను మేకుతో గీసి చూడాలి. తెల్లని పొడి సులువుగా రాలితే ఆ గోడ సున్నంతో కట్టినదని దాదాపు నిశ్చయించుకోవచ్చు. అటువంటి గోడకు బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌ను తాకించకూడదు. అది మురికితోపాటు సందుల్లోని సున్నాన్ని కూడా కరిగిస్తుంది.

పనికి అనువైన కాలం సంక్రాంతి వెళ్లిన తరువాతి పొడి రోజులు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చింది అక్టోబరులోనే; తుఫాను వానలకు తడిసిన మందపు గోడ లోపలిదాకా ఆరడానికి నెలలు పడుతుంది.

గది ఖాళీ చేసి, ముక్కుకు మాస్కు కట్టుకుని, కొబ్బరి పీచు బ్రష్‌తో పైనుంచి కిందికి పొడిగానే దులపాలి. ఇనుప తీగల బ్రష్ వాడితే బట్టీలో కాలి గట్టిపడిన ఇటుక పైపొర గీసుకుపోయి, లోపలి మెత్తని భాగం బయటపడి, ఆపైన గోడ ఏటా పొడి రాలుస్తూనే ఉంటుంది. తెల్లని మరకపై నాలుగు చుక్కల నీరు వేసి చూడండి: మాయమైతే అది చౌడు (ఇటుకలోంచి పైకి పూసిన ఉప్పు), మాయం కాకపోతే పాత వెల్ల. చౌడును కడగడం చాలామంది చేసే పొరపాటు. నీటిలో కరిగిన ఉప్పు తిరిగి ఇటుకలోకే ఇంకి, ఆరగానే మళ్లీ పూస్తుంది. పొడిగా దులిపి, రాలినదాన్ని ఎత్తి ఇంటి బయట పారవేయాలి. అది మళ్లీ మళ్లీ వస్తుంటే కారుతున్న పెంకునో నేల చెమ్మనో సరిచేయక తప్పదు.

వంటింటి గోడల మసికి మాత్రం తడి అవసరం. ముందు తలుపు వెనుక ఒక మూల ప్రయత్నించి చూసి, గోడను మంచినీటితో కొద్దిగా తడిపి (తడిసిన ఇటుక మురికినీటిని అంతగా పీల్చదు), తేలికపాటి ద్రవ సబ్బు కలిపిన నీటితో కిందినుంచి పైకి రుద్ది, స్పాంజితో రెండుసార్లు తుడవాలి. ఉప్పు, వంటసోడా కలిపి రుద్దే చిట్కా నాకు సమ్మతం కాదు, ఎందుకంటే అది గోడకు కొత్త చౌడును ఎక్కించడమే.

రాలిపోయిన సందులను సిమెంటుతో నింపకండి. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు జల్లించిన నాగావళి ఇసుక కలిపి నింపించండి. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది. మెరుపు కోసం వార్నిష్ వేస్తే చెమ్మ బయటకు పోలేక ఇటుక పెచ్చులూడుతుంది కనుక, శుభ్రపడిన గోడను ఏ పూతా లేకుండా వదిలివేయడమే మంచిది.