దక్షిణచిత్రలో పాత ఇళ్లను చూడవలసిన తీరు

చెన్నైకి దక్షిణాన, ముట్టుకాడు వద్ద మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ 1996లో ప్రారంభించిన దక్షిణచిత్ర అనే దక్షిణాది సంప్రదాయ ఇళ్ల ప్రదర్శనశాలకు మంగళవారం సెలవు కనుక, మరొక రోజు ఎంచుకుని ఎండ ముదరక ముందే చేరుకోవాలి. తమిళ, కేరళ విభాగాలలోని ఇళ్లలో చాలావాటిని సొంత ఊళ్లలో విప్పి, ఇక్కడికి తెచ్చి తిరిగి నిలబెట్టారు కాబట్టి, ముందుగా ద్వారబంధాలను, స్తంభాలను, దూలాలు కలిసే అతుకులను నిదానంగా పరిశీలించండి; ఆ చెక్కపనికి ఒక గంట కేటాయించినా ఎక్కువ కాదు. ఆ తరువాత తెలుగు ఇళ్లకు రండి. ఉత్తరాంధ్ర తీరపు చుట్టిల్లును బయట నుంచి ఒకసారి చుట్టి వచ్చి, ఆ పిమ్మట లోపలికి వెళ్తేనే, తుఫాను గాలిని పక్కలకు జారవిడిచే గుండ్రని గోడ ప్రయోజనం బోధపడుతుంది. ఇక్కత్ నేతగాని ఇంట్లో మాత్రం, నివాసమూ పనీ ఒకే కప్పు కింద ఎలా ఇమిడాయో తప్పక గమనించండి.