పలక మధ్యలో వెలుతురు: పాత చిత్రిక మెషిన్‌లో ఓ పట్టాన దొరకని తప్పు

నాన్న వాడినది, తాత వాడినది అంటూ పాత కాస్ట్ ఐరన్ చిత్రిక మెషిన్లు (పలకని చేత్తో తోసి చిత్రిక పట్టే ప్లేనర్లు) నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. తుప్పు గీకడం, బెల్టు మార్చడం, బేరింగులు దించి ఎక్కించడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. కత్తుల దగ్గర చెయ్యి పెట్టే ముందు ప్లగ్ పీకాలని కూడా మీకు తెలుసు.

ముందు ఒక్క విషయం చూడండి. కత్తులు బిగించే బ్లాక్ గుండ్రంగా కాకుండా చదరంగా ఉంటే ఆ మెషిన్‌కి కరెంటు ఇవ్వకండి. చదరపు బ్లాక్‌కీ టేబుల్ అంచుకీ మధ్య సందు పెద్దది, చెయ్యి జారితే లోపలికి లాగేస్తుంది. బ్రిటన్‌లో 1922 నాటి నిబంధనల్లోనే చేత్తో తోసే ప్లేనర్లకు గుండ్రటి బ్లాక్ తప్పనిసరి చేశారు. గుండ్రటిది వేయించుకున్నాకే మిగతా పని.

మోటారు మూలుగుతుంది, తిరగదు

త్రీ ఫేజ్ మోటారైతే చాలావరకు ఒక ఫేజ్ రావడం లేదు. స్విచ్ వెంటనే ఆపేసి ఫ్యూజులు, స్టార్టర్ కాంటాక్టులు చూడండి. మూలుగుతుంటే అలాగే ఉంచితే వైండింగ్ కాలిపోతుంది. తిరుగుతోంది కానీ ఎదురు తిరుగుతోందంటే మూడు వైర్లలో ఏవైనా రెండు అటూ ఇటూ మార్చండి, చాలు.

మన విశాఖ ఉప్పు గాలిలో ఏళ్ల తరబడి పడున్న మోటారుకి నేరుగా కరెంటు ఇవ్వకండి. 500 వోల్టుల మెగ్గర్‌తో (వైండింగ్ ఇన్సులేషన్ కొలిచే మీటరు) టెస్ట్ చేయించండి. 1 మెగా ఓమ్ కన్నా తక్కువ చూపిస్తే లోపల చెమ్మ ఉన్నట్టే. ఆరబెట్టించి, అవసరమైతే వార్నిష్ పట్టించి, అప్పుడు కలపండి.

పలక చివర గొయ్యి పడుతుంది, లేదా పలక మధ్యలోనే ఆగిపోతుంది

దీనికి బేరింగులు మార్చేసి, కొత్త కత్తులు కొనేసి, అప్పుడు నాకు ఫోన్ చేస్తారు. "బద్ద పెట్టి చూశారా?" అంటే అవతల మాట ఉండదు. రెండు నిమిషాల పని అది. దయచేసి ముందు అది చేయండి.

పలకని తోసే వైపుది ముందు టేబుల్, కోత పడ్డాక పలక వెళ్లేది వెనక టేబుల్. తిన్నగా ఉన్న కర్ర బద్ద ఒకటి వెనక టేబుల్ మీద పెట్టండి, కొస బ్లాక్ మీదికి రావాలి. టేబుల్ అంచు దగ్గర బద్ద మీద పెన్సిల్‌తో గీత పెట్టండి. బ్లాక్‌ని మెషిన్ తిరిగే దిక్కులోనే చేత్తో తిప్పండి. కత్తి బద్దని ముందు టేబుల్ వైపు సుమారు 3 మి.మీ. లాక్కెళ్లి వదిలేయాలి. ప్రతి కత్తీ, ఈ చివరా ఆ చివరా, అంతే లాగాలి. అసలు తాకకపోతే కత్తి కిందికి ఉంది, అందుకే పలక వెనక టేబుల్ అంచుకు తగిలి ఆగుతోంది. చాలా ఎక్కువ లాగితే కత్తి పైకి ఉంది, పలక చివరి అంగుళాల్లో గొయ్యి అందుకే.

పలక మీద అలలు కనిపిస్తున్నా ఇదే పరీక్ష. 1440 చుట్ల మోటారుకి 6 అంగుళాల పుల్లీ, బ్లాక్‌కి 2 అంగుళాల పుల్లీ ఉంటే బ్లాక్ నిమిషానికి 4320 చుట్లు తిరుగుతుంది. రెండు కత్తులూ కోస్తే 8640 కోతలు. ఒక కత్తి వెంట్రుకంత కిందికి ఉంటే రెండోది ఒక్కటే కోస్తుంది, కోతలు సగమైపోతాయి, అలల మధ్య దూరం రెట్టింపవుతుంది. బేరింగుల జోలికి ఆ తర్వాతే వెళ్లండి.

బద్ద పరీక్షలో అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా రెండు పలకలు కలిపితే మధ్యలో వెలుతురు

అంచులు చిత్రిక పట్టి రెండు పలకలు ఒకదాని మీద ఒకటి నిలబెడితే చివర్లు అతుక్కుంటాయి, మధ్యలో సన్నటి వెలుతురు గీత కనిపిస్తుంది. ఎన్నిసార్లు పట్టినా అదే గీత. ఈ తప్పు వల్ల నేను నెలల తరబడి ఇబ్బంది పడ్డాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా షెడ్డు రేకులు లేచిపోయాయి. నాన్న మెషిన్ వానలో నానింది. ఆయన దాని మీద టార్పాలిన్ కప్పారు కానీ మళ్లీ నడపలేదు. ఆయన పోయాక నేను దాన్ని విప్పి, శుభ్రం చేసి, కొత్త బేరింగులు వేశాను. మెషిన్ మెత్తగా తిరిగింది. టేకు పలకలు రెండు పట్టి కలిపితే మధ్యలో వెలుతురు.

టేబుల్ వంగిందనుకున్నాను. రెండు టేబుళ్లూ ఆటోలో వేసుకుని ఆటోనగర్ తీసుకెళ్లి సర్ఫేస్ గ్రైండింగ్ చేయించాను. వాళ్లు అద్దంలా చేసి ఇచ్చారు. తెచ్చి బిగించి చూస్తే వెలుతురు అలాగే ఉంది.

టేబుల్ దిగువన పక్క నుంచి బిగించే సన్నని ఇనుప పట్టీ ఉంటుంది, దాన్ని జిబ్ అంటాం. అది వదులైతే టేబుల్ బయటి కొస కిందికి వాలుతుంది. అదీ చూశాను. టేబుల్ కొస పట్టుకుని ఎత్తితే రవ్వంత కూడా కదల్లేదు. కదలట్లేదు కాబట్టి కింద అంతా బాగుందని నిర్ణయించేసుకున్నాను. నేను మోసపోయింది సరిగ్గా అక్కడే.

మా పెదనాన్న షిప్‌యార్డులో వడ్రంగి పని చేసి రిటైరయ్యారు. ఒకరోజు వచ్చి, నేను పట్టిన పలకలు కలిపి కిటికీ వైపు పెట్టి చూశారు. "కోత ఎంత పెట్టావురా?" అన్నారు. అర మిల్లీమీటరు అన్నాను. "రెండు పెట్టి పట్టు" అన్నారు. పట్టాను. వెలుతురు పోయింది! "ఒరే, టేబుల్ది కాదురా తప్పు. అది కూకున్న సోటు సూడు" అన్నారు.

ముందు టేబుల్ ఏటవాలు గాడి మీద కూర్చుంటుంది. కోత తగ్గించాలంటే టేబుల్ పైకి రావాలి, పైకి వస్తూ బ్లాక్ వైపు జరుగుతుంది. నాన్న తలుపులు, దర్వాజాలు చేసేవారు, ఎప్పుడూ 2 మి.మీ. కోతే పెట్టేవారు. అందుకని గాడిలో టేబుల్ తిరిగిన భాగం నున్నగా ఉంది. బ్లాక్ పక్కన బొటనవేలి వెడల్పు భాగం మీదికి మాత్రం టేబుల్ ఎప్పుడూ రాలేదు. పొట్టు రాలిపడేది సరిగ్గా అక్కడే. గ్రీజు, చెక్క జిగురు, పొట్టు, పైన తుఫాను నీళ్లకి పట్టిన తుప్పు, అన్నీ కలిసి అన్నం గిన్నె అడుగున మాడులా గట్టిపడ్డాయి. నేను అర మిల్లీమీటరు కోత కోసం టేబుల్‌ని పైకి తేగానే దాని లోపలి కొస ఆ మాడు మీదికి ఎక్కింది. లోపలి కొస లేస్తే బయటి కొస వాలుతుంది. పైగా గాడి పొడవు టేబుల్ పొడవులో సగం కూడా ఉండదు, కాబట్టి కింద లేచిన దానికి రెట్టింపు పైనే బయట వాలుతుంది. జిబ్ బిగిస్తే ఆ వంకరలోనే గట్టిగా పట్టుకుంటుంది, ఊగదు.

మీ మెషిన్‌లో ఇదే తప్పో కాదో తేల్చుకోవడానికి ఖరీదైన స్కేలు అక్కర్లేదు. ఫిషింగ్ హార్బర్ దగ్గర దొరికే 0.3 మి.మీ. నైలాన్ వల దారం చాలు. ముందు టేబుల్‌ని వెనక టేబుల్‌తో సమానంగా పైకి తెండి, తప్పు ఉంటే బయటపడే స్థానం అదే. రెండు టేబుళ్ల బయటి కొసల్లో చెరో 6 మి.మీ. డ్రిల్ బిట్ అడ్డంగా పెట్టి, వాటి కాడల మీదుగా దారం వేయండి. దారం ఒక కొస కట్టేసి, రెండో కొసకి కేజీ తూకం రాయి వేలాడదీయండి. ఇప్పుడు బ్లాక్ పక్కనే వెనక టేబుల్ అంచు మీద 5 మి.మీ. బిట్ పెట్టి, దాని మీద ఫీలర్ గేజ్ ఆకులు (సందు కొలిచే, మందం రాసి ఉండే పల్చటి ఉక్కు రేకులు) ఒక్కొక్కటే పేర్చుకుంటూ పోండి. 1 మి.మీ. దగ్గర దారం తాకితే రెండు టేబుళ్లూ ఒకే మట్టంలో ఉన్నట్టు. నాకు 0.85 దగ్గరే తాకింది. అంటే నడుమ 0.15 ఎత్తు, ముందు టేబుల్ బయటి కొస దాదాపు 0.3 మి.మీ. వాలి ఉంది. ఆకులు 1 మి.మీ. దాటాకే తాకితే నడుమ పల్లం ఉంది. అప్పుడు పలక ఉబ్బెత్తుగా వస్తుంది, చివర్లలో వెలుతురు కనిపిస్తుంది.

బాగుచేయాలంటే టేబుల్ దించక తప్పదు. కత్తులు తీసేసి, జిబ్ మరమేకులు వదులు చేసి, టేబుల్‌ని జరిపే స్క్రూ విప్పి, ఇద్దరు మనుషులతో బయటికి జారవిడిచి ఎత్తండి. గాడి మీద కిరసనాయిలు తడిపిన గుడ్డలు పరిచి రాత్రంతా వదిలేయండి. పొద్దున ఇత్తడి రేకు ముక్కతో గీకండి. ఉలి, ఎమరీ పేపరు గాడి మీద వాడకండి, ఒకసారి గీత పడితే తిరిగి సరిచేయడం కష్టం. టేబుల్ అడుగున గాడికి ఆనే ముఖాలకీ అదే పని చేయండి, చాలామంది అవి మర్చిపోతారు.

శుభ్రం అయిందని కంటితో నిర్ణయించకండి. కాటుకలో రెండు చుక్కల నూనె కలిపి గాడికి పల్చగా పట్టించండి. టేబుల్ ఎక్కించి, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకసారి జరిపి దించండి. అడుగు ముఖం మీద కాటుక అంతటా సమానంగా అంటాలి. ఒక్క చోటే ఒత్తుగా అంటితే అక్కడ ఇంకా మాడు ఉంది. నాకు మూడుసార్లు దించాల్సి వచ్చింది. మూడోసారి తర్వాత దారం సరిగ్గా 1 మి.మీ. దగ్గర తాకింది. అదే టేకు పలకలు మళ్లీ పట్టి కిటికీ వైపు పెట్టాను. ఎక్కడా వెలుతురు లేదు. పెదనాన్న అంచు మీద గోరు పెట్టి లాగి చూసి, మాట్లాడకుండా తలూపారు.

గాడి నిజంగానే అరిగిపోయి వాలుతుంటే, గాడి బయటి కొసలో 0.1 మి.మీ. ఇత్తడి షిమ్ (పల్చటి రేకు ముక్క) పెట్టి దారంతో మళ్లీ కొలవండి. ఇది మాడు పూర్తిగా తీశాక చేయాల్సిన పని. మాడు మీద షిమ్ పెడితే ఒక కోత లోతుకి కుదురుతుంది, లోతు మార్చగానే మళ్లీ తప్పుతుంది.

ఇకపై నెలకోసారి టేబుల్‌ని పూర్తిగా పైకీ కిందికీ జరిపి, గాడి బ్రష్‌తో దులిపి, పల్చగా నూనె పట్టించండి. వానాకాలంలో పదిహేను రోజులకోసారి. గాడికి గ్రీజు వద్దు, పొట్టు దానికే అంటుకుంటుంది.

బ్లాక్ షాఫ్ట్ వంగడం, టేబుల్ పగలడం లాంటివి కూడా ఉంటాయి. మెషిన్ ఎత్తు నుంచి కింద పడితే తప్ప వాటి గురించి టెన్షన్ పడకండి.