ఆకుతినే పురుగుల కోసం మడాంగ్ అడవికి: వానలు పట్టుకోకముందే చూసుకోవాల్సినవి

పాపువా న్యూగినీ ఉత్తర తీరంలో మడాంగ్ చుట్టూ ఉన్న లోతట్టు అడవుల్లో ఏడాదికి సుమారు 3,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా దాని జోరు. గొంగళిపురుగులు ఏడాది పొడవునా దొరుకుతాయి కాబట్టి, ఏ పురుగు ఏ చెట్టు ఆకు తింటుందో తేల్చే ఈ సేకరణ వానాకాలంలోనూ ఆగదు. అందుకే ఏర్పాట్లన్నీ అక్టోబరులోనే అయిపోవాలి.

మొదటిది అనుమతి. ఆ దేశంలో దాదాపు 97 శాతం నేల వంశాల ఉమ్మడి ఆస్తి, ప్రభుత్వ అడవి అనేది చాలా తక్కువ. పరిశోధన వీసా చేతిలో ఉన్నా, ఆ చెట్టున్న నేల ఏ వంశానిదో కనుక్కుని, అక్కడివాళ్లు 'పాపా గ్రౌన్' అనే ఆ పెద్దల ఎదుట కూర్చుని మాట్లాడుకోవాలి. ఏ చెట్లు ఎక్కుతారు, ఎన్ని కొమ్మలు కోస్తారు, రోజుకూలీ ఎంత అన్నవి ముందే తేలాలి. సరిహద్దు తగాదా నడుస్తున్న చోట పని పెట్టుకోవద్దు.

తర్వాత మలేరియా. మడాంగ్‌లో ఫాల్సిపేరమ్, వైవాక్స్ అనే మలేరియా రకాలు రెండూ ఉన్నాయి. క్లోరోక్విన్ మందుకు లొంగని వైవాక్స్ 1989లో తొలిసారి బయటపడింది ఈ దేశం నుంచే, కాబట్టి క్లోరోక్విన్‌ను నమ్ముకుని వెళ్లకూడదు. డాక్సీసైక్లిన్ రోజుకు 100 మిల్లీగ్రాములు ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక నాలుగు వారాలు వాడాలి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే తిరిగొచ్చాక ఏడు రోజులు చాలు. మీకు ఏది సరిపోతుందో డాక్టరు చెప్పాలి. వైవాక్స్ కాలేయంలో దాక్కుని నెలల తర్వాత లేస్తుంది. దానికి ఇచ్చే ప్రైమాక్విన్, ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లలో రక్తకణాలను పగలగొడుతుంది కనుక ఆ రక్తపరీక్ష బయల్దేరకముందే చేయించుకోండి. ఇంటికొచ్చిన ఆరు నెలలకు జ్వరం వచ్చినా డాక్టరుకు ముందుగా చెప్పాల్సిన మాట "న్యూగినీ వెళ్లొచ్చాను" అన్నదే. జ్వరంతో పాటు చర్మం మీద కాలినట్టు నల్లటి పొక్కు కనిపిస్తే నల్లుల్లాంటి అతిచిన్న పురుగుల కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరాన్ని అనుమానించాలి.

పాముల విషయంలో మన అలవాటు అక్కడ పనికిరాదు. మన దేశపు యాంటీవెనమ్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరలకు తయారైనది. రాలిన ఆకుల్లో కదలకుండా పడుకునే డెత్ ఆడర్ పాముకు గానీ, మడాంగ్ దగ్గరి కర్కర్ దీవి కొబ్బరితోటల్లో పేరుమోసిన చిన్నకళ్ల పాముకు గానీ అది పనిచేయదు. ఆస్ట్రేలియాలో తయారయ్యే పాలీవేలెంట్ (పలు పాముల విషాలకు పనిచేసే) మందు కావాలి. అది దగ్గర్లోని ఏ ఆసుపత్రిలో ఉందో, వాగు పొంగితే అక్కడికి దారేదో ముందే తెలుసుకోండి. రక్తపింజర కాటుకు కట్టు బిగించవద్దని మనకు చెబుతారు, ఎందుకంటే ఆ విషం ఉన్నచోటే కండను కుళ్లబెడుతుంది. డెత్ ఆడర్ విషం నరాల మీద పనిచేసి కనురెప్పలు వాల్చి, చివరికి ఊపిరి ఆపుతుంది. అందుకని దాని కాటుకు సాగే వెడల్పాటి బ్యాండేజీని వేళ్ల దగ్గర నుంచి పైదాకా బిగువుగా చుట్టి, కర్ర కట్టి, మనిషిని నడవనీయకుండా మోసుకెళ్లాలి. ఒక్కొక్కరి సంచిలో రెండేసి బ్యాండేజీలు ఉండాలి. మోకాలి కిందిదాకా బూట్లు, రాలిన ఆకుల్లో చేయి పెట్టకపోవడం మాత్రం ఎక్కడైనా ఒకటే.

ఆకుల కోసం వెళ్లేవాళ్లను ఆకులే ఎక్కువ బాధిస్తాయి. స్థానికులు 'సలాత్' అనే డెండ్రోక్నైడ్ చెట్టు నూగు ముందు మన దురదగొండి ఏపాటిది! తగిలితే రుద్దకండి, నీళ్లు పోయకండి. అంటుకునే టేపుతో నూగు పీకేయండి. మన నల్లజీడికి దగ్గరి చుట్టాలు కూడా అక్కడ పెరుగుతాయి, వాటి పాలు తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. గుర్తుపట్టని చెట్టు ఆకు కోసేటప్పుడు నైట్రైల్ గ్లవ్స్ వేసుకోవాలి. ముళ్ల గొంగళిపురుగులను పట్టకారుతోనే పట్టాలి. గీసుకున్న ప్రతి గాయాన్నీ ఆ రోజే సబ్బుతో కడిగి అయోడిన్ రాయాలి. ఆ తేమలో చిన్న గీత కూడా వారంలో పుండవుతుంది.

చెట్టెక్కే పని అలవాటున్న స్థానికులదే. వాన ఆగిన వెంటనే ఎక్కనివ్వకండి, ఎక్కినవాళ్ల కింద ఎవరూ నిలబడకూడదు. గాలివానకు విరిగి పైన ఇరుక్కున్న ఎండుకొమ్మలు మర్నాడు ఉత్త గాలికే పడతాయి.

ఇక సేకరణ. దీని కోసమే ఇంత దూరం వెళ్లడం, చాలా ప్రయత్నాలు చెడేది కూడా ఇక్కడే. ఆకు మీద కనిపించిన ప్రతి పురుగూ ఆ ఆకు తినేది కాదు. పైకొమ్మ నుంచి జారినవి, ఎండకు దాక్కున్నవి, దారినపోయేవి సగటు కొమ్మ మీద చాలానే ఉంటాయి. వీటిని వడగట్టకపోతే లెక్క ఎటు పోతుందో చూడండి. 1982లో అమెరికన్ కీటక శాస్త్రవేత్త టెర్రీ ఎర్విన్ పనామాలో ఒక జాతి చెట్ల మీద పురుగుమందు పొగ కొట్టి రాల్చిన పెంకుపురుగుల ఆధారంగా, వాటిలో చాలా జాతులు ఆ ఒక్క చెట్టుకే కట్టుబడినవనుకుని, ఉష్ణమండలంలో కీటకాలు, సాలీళ్ల వంటి కీళ్లకాళ్ల జీవుల జాతులు 3 కోట్లు ఉండవచ్చని అంచనా కట్టారు. న్యూగినీలో 51 జాతుల మొక్కల మీద 900కు పైగా జాతుల పురుగులు ఏమేం తింటున్నాయో చూసిన చెక్ శాస్త్రవేత్త నొవోత్నీ బృందం 2002లో ఆ అంచనాను 40 నుంచి 60 లక్షలకు దించింది. చాలా పురుగులు ఒక్క మొక్కకే కట్టుబడకుండా దగ్గరి బంధుజాతుల మొక్కలనూ తింటున్నాయని తేలడమే కారణం.

కాబట్టి తినే పరీక్ష మానకండి. ఒక్కో పురుగును, అది దొరికిన చెట్టు తాజా ఆకుతో కలిపి, ఒక్కో కప్పులో విడిగా పెట్టండి. రెండు పురుగులను కలిపితే ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి, ఏది తిన్నదో కూడా తెలియదు. 24 గంటల తర్వాత ఆకు మీద కొత్త కొరుకుడు, అడుగున రెట్టలు చూడండి. ఆకు పెట్టేముందే పాత కంతల చుట్టూ పెన్ను గీత గీస్తే గందరగోళం ఉండదు. తినకపోతే వెంటనే పారేయకండి. కుబుసం విడిచే ముందు గొంగళిపురుగు ఒకటి రెండు రోజులు తిండి మానేస్తుంది. తల వెనక ఉబ్బుగా, కదలక ఉంటే అదే సంగతి. మరో రెండు రోజులు ఆగండి.

వానాకాలంలో కప్పుల్లో చావులకు కారణం ఎక్కువగా బూజు. రోజూ ఆకు మార్చాలి, రెట్టలు దులపాలి, అడుగున పొడి టిష్యూ వేయాలి. ఆకు మీద నీటిచుక్క మిగలకూడదు. చీమలు ఒక్క రాత్రిలో వంద కప్పులు ఖాళీ చేయగలవు, బల్ల కాళ్లను సబ్బునీళ్ల గిన్నెల్లో పెట్టండి. గొంగళిపురుగు నుంచి సీతాకోకకు బదులు కందిరీగో ఈగో బయటికొస్తే పెంపకం చెడిందనుకోకండి. ఆ పరాన్నజీవిని ఆ గొంగళిపురుగుకు ఇచ్చిన నంబరుతోనే భద్రం చేయండి.

కొమ్మల్లో వెతికిన ఆకు విస్తీర్ణాన్ని 1 చదరపు మీటరు తెల్లగుడ్డతో పోల్చి రాసుకోండి, లేకుంటే రెండు చెట్లను పోల్చలేరు. చిగురు, ముదురాకు విడివిడిగా నమోదు చేయాలి. లేతాకు మీదే పురుగు ఎక్కువ కనుక చిగురేసిన కొమ్మలనే ఏరుకుంటే లెక్క ఉబ్బిపోతుంది.

గొంగళిపురుగును నేరుగా ఆల్కహాలులో వేస్తే నల్లబడుతుంది. మరిగి దించిన నీళ్లలో క్షణం ముంచి, తర్వాత 70 శాతం ఇథనాల్‌లో వేయండి. డీఎన్‌ఏ కావాలంటే మరో పురుగునో, చిన్న ముక్కనో ముందే 95 శాతంలో వేయాలి. చీటీ పెన్సిల్‌తోనే రాసి సీసా లోపల వేయండి. బాల్‌పెన్ సిరా ఆల్కహాలులో కరిగి, చెట్టు నంబరు మాయమవుతుంది.